రూతమ్మ గారి పోస్టుకార్డులు

దేశంలో ప్రభుత్వం మారిందన్న కబురు నాకు మొదట చెప్పింది వరాలు. అప్పుడు నేను రాజమండ్రిలో మా మేడ మీద మాగాయ ముక్కలు ఎండబెడుతున్నాను. మూడు రోజులు ఉప్పులో ఊరిన మామిడి ముక్కలను పిండి చాప మీద ఒక్కొక్కటే పరుస్తుంటే ఆ పుల్లటి వాసనకు కళ్ళు చెమరుస్తున్నాయి. చేతులు మణికట్ల దాకా పసుపు. ఫోను మోగితే చిటికెనవేలి కణుపుతో నొక్కి పిట్టగోడ మీద నిలబెట్టాను.

"సుభద్రా! విన్నావా? మారిపోయిందే, మొత్తం మారిపోయింది!"

"ఏం మారింది?"

"ఏం మారిందేంటే! పొద్దుట్నించీ ఊరూవాడా టీవీల ముందు కూర్చుంటే నువ్వేం చేస్తున్నావ్?"

"మాగాయ పెడుతున్నాను."

"పెట్టు పెట్టు. ఎవరొచ్చినా మాగాయ తప్పదుగా," అని పకపకా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "నాకెందుకో... ఈసారి మంచి జరుగుతుందనిపిస్తోందే," అంది.

'నాకెందుకో' అని ఒక్క క్షణం ఆగడం, ఆగినచోట గొంతు పల్చబడటం వరాలికి పుట్టుకతో వచ్చినవి కావు. అవి మా రూతమ్మ టీచరు గారివి. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆ గొంతు వరాలి గొంతులో బతికుంది. నేను పొద్దునా సాయంత్రం దీపం పెట్టుకుని, ఉన్నదానికి స్వామికి దణ్ణం పెట్టుకునే మనిషిని. అరవై దగ్గర పడ్డాను. అయినా ఆ క్షణంలో నాకు కలిగింది అసూయ. దేశానికి మంచి రోజులొస్తాయేమోనని సంతోషించాల్సింది పోయి, ఆ మాట నా నోట ముందు రానందుకు కుళ్ళుకున్నాను.

"రాశావా మరి?" అంది వరాలు.

"ఏంటి?"

"కార్డు. ఈసారి నీదేగా."

చేతులు కడుక్కుని చేస్తానని ఫోను పెట్టేశాను. ఎవరు దిగారు, ఎవరు ఎక్కారు అన్నది ఇక్కడ రాయను. చదివేవారిలో కొందరికి అది సంతోషం, కొందరికి కష్టం. నేను చెప్పదలుచుకున్నది రూతమ్మ గారి గురించి. ఆవిడను మీరెవరూ చూసి ఉండరు.

మాది కోనసీమలో కాలువ గట్టున ఊరు. నాన్నగారు శివాలయంలో అర్చకులు. బడి అవతలి గట్టున ఉండేది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని లాగే బల్లకట్టు ఒకటే దారి. లాకుల దగ్గర వంతెన ఉంది కానీ చుట్టు తిరిగి వెళ్ళాలంటే నాలుగు మైళ్ళు. నన్ను బడిలో వేసిన మొదటి రోజునే, ఎవరిదో గేదె బెదిరి పక్కకు తోస్తే, పలక సంచితో సహా బల్లకట్టు మీద నుంచి నీళ్ళలో పడ్డాను. బల్లకట్టు లాగే సత్తియ్య దూకి, జుట్టు పట్టుకుని పైకి తీశాడు. గట్టు మీద నన్ను బోర్లా పడుకోబెట్టి నీళ్ళు కక్కిస్తున్నప్పుడే మా అమ్మ అన్నవరం వైపు చేతులు జోడించి మొక్కేసుకుంది: "తండ్రీ సత్యనారాయణా, పిల్ల కళ్ళు తెరిస్తే కొండకొచ్చి వ్రతం చేయించుకుంటాం. ఇక జన్మలో దీన్ని బల్లకట్టు ఎక్కనివ్వను." నేను కళ్ళు తెరిచాను. వ్రతం చేయించారు. బల్లకట్టుతో పాటే నా బడీ పోయింది.

వారం తర్వాత ఒక సాయంత్రం మా అరుగు ముందు ఒకావిడ నిలబడ్డారు. గంజి పెట్టిన తెల్లచీర, చేతిలో గొడుగు, చెవులకు చిన్న దిద్దులు. మా గట్టునే ఊరి చివర చర్చి పేటలో ఉండి, రోజూ కాలువ దాటి బడికి వెళ్ళి పాఠాలు చెప్పే రూతమ్మ గారు. "పేరు రాయించారు, పిల్ల రాలేదేంటండీ?" అని అడిగారు. అమ్మ మొక్కు సంగతంతా చెప్పింది. ఆవిడ ఎక్కడా నవ్వకుండా విని, "మొక్కు మొక్కేనండి. దాని మీద మనం మాట్లాడకూడదు," అన్నారు. గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని మళ్ళీ అడిగారు. "అయితే సుబ్బలక్ష్మి గారూ, మీరు మొక్కింది బల్లకట్టు గురించే కదా? వంతెన గురించి స్వామితో ఏమీ అనలేదు కదా?"

అమ్మ బిత్తరపోయి, "మన రేవులో వంతెన ఎక్కడుందండీ, అనడానికి?" అంది.

"లేదు కదా. తెప్పిద్దాం. అప్పటిదాకా సాయంత్రాలు నేనే వస్తాను."

సంత నుంచి వంకాయలు తెప్పిద్దాం అన్నంత తేలిగ్గా అన్నారు ఆ మాట. నాకప్పుడు ఆరేళ్ళు. వంతెన రేపో ఎల్లుండో వస్తుందనుకుని తెల్లారగానే గట్టుకు పరుగెత్తాను. వంతెన లేదు. బల్లకట్టు మీద రూతమ్మ గారు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సత్తియ్య కూతురు వరలక్ష్మి చెయ్యి. మేమందరం వరాలు అని పిలిచేవాళ్ళం. నా ఈడుదే. అవతలి గట్టు చేరేదాకా ఆవిడ ఆ చెయ్యి వదల్లేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, వాన పడని ప్రతి పొద్దునా నేను గట్టు మీద నిలబడి ఆ చేతుల వంకే చూశాను. నన్ను నీళ్ళలోంచి తీసింది వరాలి తండ్రి. ఆ కృతజ్ఞత ఉండేది. అది ఉంటూనే, వరాలు ఒక్కరోజు నీళ్ళలో పడితే బాగుండునని కూడా అనిపించేది. దేవుడి ముందు దాచి ఏం లాభం, అనిపించేది.

వేసవిలో కాలువలు కట్టేసేవారు. నీళ్ళు ఇంకిపోయి కాలువ అడుగు బీటలు వారేది. మొక్కుకు భంగం లేకుండా అప్పుడు నడిచి దాటవచ్చు. కానీ అప్పుడు బడికి సెలవులు. ఎండలో అవతలికి వెళ్ళి, తాళం వేసిన బడి కిటికీ చువ్వలు పట్టుకుని లోపలికి చూసేదాన్ని. నల్లబల్ల మీద చెరిపీ చెరపని అక్షరాలు ఉండేవి. ఆవిడ చేతిరాత. వాటిని వరాలు చదివేసింది, నేను చదవలేదు.

సాయంత్రం పాఠం మా అరుగు మీద. మొదట అక్షరాలు, తర్వాత లెక్కలు, తర్వాత దేశపటం. ఆవిడ లోపలికి వచ్చేవారు కాదు. మా మామ్మ రానిచ్చేది కాదని చెప్పడమే నిజం. ఆవిడకు కాఫీ ఇవ్వడానికి ఒక గ్లాసు అరుగు గూట్లో విడిగా ఉండేది. తాగి, ఆవిడే కడిగి, మళ్ళీ ఆ గూట్లో బోర్లించేవారు. ఎందుకో అప్పట్లో నాకు తెలియదు. ఒకరోజు ఆ గ్లాసు కనపడక, లోపల మేం తాగే ఇత్తడి గ్లాసులో కాఫీ తెచ్చి ఇచ్చాను. మామ్మ గడప దగ్గర నిలబడి, "ఓసి నీ తెలివి తెల్లారా!" అని నన్ను కేకలేసింది. రూతమ్మ గారు గ్లాసు కింద పెట్టలేదు. ప్రశాంతంగా ఒక గుక్క తాగి, "పిల్లనేం అనకండి మామ్మగారూ. గురువుకు మంచి గ్లాసులో ఇవ్వాలని దానికి ఎవరూ నేర్పకుండానే తెలిసింది. మీ ఇంటి పెంపకమే కదా," అన్నారు. మామ్మ లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటికి ఆ గ్లాసు మళ్ళీ గూట్లోకి వచ్చింది. ఆవిడా మళ్ళీ అందులోనే తాగారు. అయినా పాఠం మానలేదు. అది ఎంత పెద్ద సంగతో తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆ గ్లాసు అవమానాన్ని దిగమింగి ఆవిడ పెట్టిన భిక్ష.

నాకు పదకొండో ఏట దేశంలో ప్రభుత్వం మారింది. నాన్నగారి రేడియో చుట్టూ ఊరి మగవాళ్ళంతా చేరారు. రూతమ్మ గారు అరుగు చివర నిలబడి విన్నారు. వార్తలు అయిపోయాక నాతో మెల్లగా, "నాకెందుకో... ఈసారి మంచి జరుగుతుందనిపిస్తోంది అమ్మాయ్," అన్నారు. మర్నాడు పోస్టుకార్డు కొన్నారు. ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్తగా వచ్చిన పెద్దమనిషికి ఒక కార్డు రాయడం ఆవిడ అలవాటట. ఒక కార్డులో ఒకటే కోరిక. రెండు అడిగితే రెండూ మర్చిపోతారని ఆవిడ లెక్క. కోరిక ఏమిటో చెప్పనక్కర్లేదు, మా రేవులో వంతెన. రాయవలసింది పిల్లల్లో ఒకరు, గుండ్రటి అక్షరాలతో. నాకు ఆవిడే నేర్పిన రాత, ముత్యాల్లా ఉంటుందని ఆవిడే అనేవారు. కాలువ దాటలేనిది నేను. కాబట్టి ఆ కార్డు నాదేనని నిశ్చయించుకుని, కలం కడిగి, సిరా నింపి కూర్చున్నాను.

ఆవిడ సంచిలోంచి తీసిన కార్డు అప్పటికే రాసి ఉంది.

"వరాలు రాసింది. నీకు దగ్గర కదా, పోస్టాఫీసులో వేసిరా. జాగ్రత్త, తడవనీకు," అన్నారు.

మా వీధి చివరే పోస్టాఫీసు. డబ్బా దాకా వెళ్ళాను. కార్డు చదివాను. వరాలి అక్షరాలు కోడి గీకినట్టున్నాయి. వంతెన అడిగి, కింద ఇంకో వాక్యం రాసింది: 'మా నాన్నకు కూడా ఆ వంతెన మీద ఏదైనా పని ఇప్పించగలరు.' చూశావా, సొంతానికి కూడా అడుక్కుంది అనుకున్నాను. టీచరు గారు ఒక కార్డుకు ఒకటే కోరిక అంటారు కదా, దీనికి మాత్రం రెండు! కార్డు డబ్బాలో వేయలేదు. ఇంటికి తెచ్చి, దేవుడి గదిలో సత్యనారాయణస్వామి పటం వెనక దోపాను. చింపడానికి భయం. ఆయన వెనక ఉంటే తప్పు ఆయన మీదికి పోతుందని ఏదో వెర్రి.

ఆ తర్వాత ఆవిడ రోజూ మా పోస్టుమాన్ని అడిగేవారు. "ఏమైనా వచ్చిందాండీ?"

అతను సైకిలు ఆపి నవ్వేవాడు. "టీచరు గారూ, ఢిల్లీలో మీ కార్డు చదివేవాడెవడండీ?"

"చదవడం, చదవకపోవడం వాళ్ళ పనండి. అడగడం మన పని. రేపు ఎవరైనా 'మీరు అడిగారా' అంటే తల దించుకోకూడదు కదా."

నేను అరుగు మీద తల దించుకుని లెక్కలు చేస్తూ ఉండేదాన్ని. పాఠం అయ్యాక ఆవిడ, "మీ స్వామికి చెబుతున్నావా? నేను మా ప్రభువుకి చెబుతున్నా. ఇద్దరికీ చెరో నకలు పంపితే ఎక్కడో ఒకచోట అందుతుంది," అని నవ్వేవారు. అసలు కార్డే స్వామి వీపు వెనక ఉంది. హారతి ఇచ్చిన ప్రతిసారీ ఆయన కళ్ళలోకి చూడలేకపోయేదాన్ని.

వానలు మొదలయ్యాయి. కాలువ నిండా ఎర్రనీళ్ళు. ఒక సాయంత్రం బడి వదిలి వస్తుంటే బల్లకట్టు తాడు నడిమధ్య తెగింది. దాని మీద రూతమ్మ గారు, వరాలు, ఇంకా ఏడెనిమిది మంది పిల్లలు. నేను గట్టు మీదే ఉన్నాను. బల్లకట్టు గిర్రున తిరిగి దిగువకు కొట్టుకుపోతుంటే సత్తియ్య తెగిన తాడు కొస నడుముకు చుట్టుకుని నీళ్ళలోకి దూకి గట్టుకు ఈదాడు. నలుగురు మనుషులు గట్టు మీద నుంచి లాగితే, లాకుల దాకా పోకముందే ఒక కొబ్బరిచెట్టు మొదలుకు కట్టి ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు. వరాలు నీళ్ళలో పడాలని కోరుకున్న పిల్లని నేను. దేవుడు నా కోరిక విని చూపించాడనిపించింది.

అంత జరిగినా, ఆ సాయంత్రం ఆవిడ తడిచీరతోనే మా అరుగు మీదికి పాఠానికి వచ్చారు. మోకాళ్ళ దాకా బురద. "పదిహేడో ఎక్కం," అన్నారు. నేను లోపలికి పరుగెత్తి, పటం వెనక నుంచి కార్డు తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేసి ఏడ్చాను. కార్డు మీద కుంకుమ మరకలు, ఒక మూల దీపం నూనె.

ఆవిడ కార్డును అటూ ఇటూ తిప్పి చూశారు. నేను దెబ్బకు సిద్ధపడి చెయ్యి చాపాను. ఆవిడ ఆ చెయ్యి చూడనే లేదు.

"ఎందుకు?" అన్నారు చివరికి.

"నాచేత రాయించలేదు."

"చదివావా?"

"చదివాను."

"చివరి వాక్యం?"

"వరాలు వాళ్ళ నాన్నకి ఉద్యోగం అడిగింది. రెండు కోరికలు అడిగింది."

"వంతెన వస్తే బల్లకట్టు ఎవరెక్కుతారు అమ్మాయ్?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ తడికొంగు పిండుకుంటూ చెప్పారు. "ఎవరూ ఎక్కరు. సత్తియ్య ఇంట్లో పొయ్యి వెలగదు. అది ఆ పిల్లకి తెలుసు. తెలిసీ రాసింది. నీకు కావలసిన వంతెన అది అడిగింది. నేను చివరి మాట చెప్పలేదు, ఆ వాక్యం అదే రాసుకుంది. తుడిచెయ్యమనడానికి నాకు నోరు రాలేదు." నా వంక చూడకుండా అన్నారు. "ఇద్దరికీ చెరో పని ఇచ్చాననుకున్నాను."

తిట్టినా, కొట్టినా మర్చిపోయేదాన్నేమో. ఆ ఒక్క ముక్క ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కొత్త కార్డు రాస్తానని బతిమాలాను. ఆవిడ ఒప్పుకోలేదు. కుంకుమ మరకను వేలితో తడిమి, "ఇలాగే పోనీ. దేవుడి దగ్గర ఉండి వచ్చింది. ఢిల్లీ వాళ్ళకి మంచిదే," అన్నారు. ఆ వానలో నేనే వెళ్ళి వేసి వచ్చాను. డబ్బా లోపల అది పడిన చప్పుడు వినేదాకా అక్కడే నిలబడ్డాను.

జవాబు రాలేదు. ఆ ప్రభుత్వం పోయింది, ఇంకోటి వచ్చింది. మళ్ళీ 'నాకెందుకో', మళ్ళీ కార్డు. ఇంకోటి వచ్చింది, ఇంకో కార్డు. ఎవరి పుణ్యమో, ఏ కార్డు మహిమో, అసలు కార్డులకు సంబంధమే లేదో, నాకు పంతొమ్మిదో ఏట వంతెన వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళి కుదిరింది. అమ్మ కొబ్బరికాయ కొట్టి, "మొక్కు తీరినట్టే, వెళ్ళు," అంది. మొదటిసారి బడి తెరిచి ఉండగా లోపలికి వెళ్ళాను. ఒకటో తరగతి బల్ల మీద కూర్చోబోతే మోకాళ్ళు పట్టలేదు. వరాలు అప్పటికే టీచరు ట్రైనింగులో చేరింది. తర్వాత అదే బడిలో, రూతమ్మ గారి కుర్చీలోనే కూర్చుంది. నా కోసం అడిగిన వంతెన మీద రోజూ నడిచింది తనే. రాజమండ్రిలో కాపురం చేసుకుంటూ ఆ వార్త ఉత్తరంలో చదివిన రోజున నేను అన్నం సరిగ్గా తినలేదు.

సత్తియ్యకు మాత్రం వంతెన మీద ఏ పనీ రాలేదు. వంతెన కట్టిన తర్వాత కూడా కొన్నాళ్ళు పొద్దున్నే రేవుకు వచ్చి, తాడు తడిపి, బల్లకట్టు శుభ్రం చేసుకుని కూర్చునేవాడట. పైన మనుషులు నడిచి వెళుతుంటే కింద నుంచి పలకరించేవాడట. రూతమ్మ గారు తర్వాత రాసిన ప్రతి కార్డులోనూ కోరిక మారింది. ఒకసారి ఆడపిల్లలకు మరుగుదొడ్డి, ఒకసారి ఆస్పత్రికి డాక్టరు. చివరి వాక్యం మాత్రం మారలేదు. 'మా రేవులో బల్లకట్టు లాగిన సత్తియ్యకు ఏదైనా పని ఇప్పించగలరు.' అతను పోయేదాకా రాశారు.

పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఆవిడను చూసేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఇన్నిసార్లు మోసపోయి కూడా మళ్ళీ ఎలా నమ్ముతారండీ?"

"మోసపోవడం ఏంటి? ఈసారి వర్షం పడలేదని మీ తమ్ముడు వచ్చే ఏడు నారు పోయడం మానేస్తాడా?"

"మీకు కోపం రాదా?"

"వస్తుంది. కోపంతోనే రాస్తాను. మర్యాదగా రాస్తాను కాబట్టి నీకు తెలియదు."

ఆవిడ నమ్మకం చూసి ఎంత అసూయపడ్డానో చెప్పలేను. నగలున్నవాళ్ళను చూసి కూడా కలగలేదు నాకు ఆ అసూయ. నాకు దేవుడి మీద నమ్మకం ఉంది, మనుషుల మీద అంత లేదు. ఎన్నికల రోజు వేలికి సిరా వేయించుకుని వస్తాను, అక్కడితో సరి. ఆవిడకు ఆ సిరా ఆరేలోపే కొత్త ఊపిరి వచ్చేది.

మూడేళ్ళ కింద ఆవిడ మంచాన ఉన్నారంటే వెళ్ళాను. చర్చి పేటలో అదే ఇల్లు. వరాలు చెంచాతో జావ తాగిస్తోంది. ఆ చెంచా నా చేతిలో ఉండకూడదా అనుకున్నాను. ఆవిడ మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, "ఈసారి మారినప్పుడు కార్డు సుభద్ర రాస్తుంది," అన్నారు. వరాలి చెయ్యి ఆగిపోయింది. జావ గడ్డం మీదుగా కారింది.

బయటికి వచ్చాక వరాలు గోడకు ఆనుకుని నిలబడి, "నీకేంటే, ఎప్పుడూ నీకే," అంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నాకా? చెయ్యి పట్టుకుని కాలువ దాటించింది ఎవర్ని? కార్డు రాయించింది ఎవరిచేత?"

"బడిలో నలభై మందిమి. నా వాటా నలభైలో ఒకటి. బల్లకట్టు మీద చెయ్యి పట్టుకునేది ఎందుకనుకున్నావ్? ఆవిడకి నీళ్ళంటే భయం. నా చెయ్యి పట్టుకుని వణికేది. సాయంత్రం అయ్యేసరికి మొత్తం మనిషి మీ అరుగు మీదికి వచ్చేసేది. మీ ఇంటి ముందు నుంచి నడిచి వెళ్ళేటప్పుడు నేను తల తిప్పి చూసేదాన్ని కాదు, తెలుసా? కడుపు మండిపోయేది."

నీళ్ళంటే భయం ఉన్న మనిషి, ఏళ్ళ తరబడి రోజుకు రెండుసార్లు ఆ బల్లకట్టు ఎక్కారు. తాడు తెగిన సాయంత్రం కూడా పదిహేడో ఎక్కం చెప్పడానికి వచ్చారు. యాభై ఏళ్ళు ఒకే మనిషి కోసం ఇద్దరం రెండు వైపుల నుంచి కుళ్ళుకున్నాం. ఆ గోడ దగ్గర ఇద్దరం నవ్వుకున్నాం. కుళ్ళు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. మొన్న ఫోనులో ఆ గొంతు విన్నప్పుడు మళ్ళీ పలికింది కదా.

మాగాయ ఎండకు వదిలేసి పోస్టాఫీసుకు వెళ్ళాను. కౌంటరులో అమ్మాయి, "పోస్టుకార్డా అండీ? ఈ రోజుల్లోనా?" అని సొరుగంతా వెతికి ఇచ్చింది. ఇంటికి వచ్చి, దీపం పెట్టి, సత్యనారాయణస్వామి పటం ముందు కూర్చున్నాను. ఈసారి పటం ముందే. మా ఊళ్ళో ఇప్పుడు బావుల్లో నీళ్ళు ఉప్పగా మారాయి. చుట్టూ రొయ్యల చెరువులు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని, ఆ వంతెన దాటి అవతలి గట్టుకు వెళ్ళి తాగే నీళ్ళు తెచ్చుకుంటున్నారు. అదే రాశాను: 'మా ఊరి పక్కన చెరువులు ఆపించి, బావుల్లో మంచినీళ్ళు నిలిచేలా చూడగలరు.' ముత్యాల్లాంటి అక్షరాలు. యాభై ఏళ్ళు ఎదురుచూసిన కార్డు. రాశాక వరాలికి ఫోను చేసి చదివి వినిపించాను.

"బాగుంది. చివరి వాక్యమో?" అంది.

అప్పుడు గుర్తొచ్చారు, ఆ చెరువుల మీద తెల్లవార్లూ కాపలా కాసి, మేత జల్లి, వలలు లాగి బతికేవాళ్ళు. చెరువులు ఆగితే వాళ్ళ పొయ్యి? నాకు తట్టలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ముందు తట్టింది బల్లకట్టు వాడి కూతురికే. ఎప్పటి అసూయే మళ్ళీ చురుక్కుమంది. ఈసారి దాన్ని పటం వెనక దాచలేదు. "నువ్వు చెప్పు, నేను రాస్తాను," అన్నాను. తను చెప్పింది, నేను రాశాను: 'ఆ చెరువుల మీద పని చేసేవాళ్ళకు కూడా ఏదైనా దారి చూపించగలరు.'

కార్డు డబ్బాలో పడిన చప్పుడు విని తిరిగి వస్తుంటే దారిలో ఎవరో టపాకాయలు కాలుస్తున్నారు, ఇంకెవరో ముఖం ముడుచుకుని కొట్టు మూసుకుంటున్నారు. ఎవరు చదువుతారో, అసలు చదువుతారో లేదో నాకు తెలియదు. కానీ నడుస్తూ నడుస్తూ, నాకెందుకో... అనుకుని, ఆగి, నాలో నేనే నవ్వుకున్నాను. ఆ ఆగడం నాకూ వచ్చింది. స్వామి దయ, ఆవిడ దయ.

ఇంత చెప్పాక రూతమ్మ గారిని మీరు ఎలాగూ మర్చిపోరు. ఆవిడ ఉంటే తన పేరు చివర రానిచ్చేవారు కాదు. అందుకే ఆవిడ తరఫున ఒక్కటే అడుగుతాను, కార్డుకు ఒకటే కోరిక కదా. మా వైపు వచ్చి ఏ కాలువ మీదనైనా వంతెన దాటేటప్పుడు ఒక్క క్షణం కిందికి చూడండి. అక్కడొకాయన తాడు పట్టుకుని లాగి మనల్ని ఒడ్డుకు చేర్చేవాడు. ఆయన పేరు సత్తియ్య. తలుచుకోండి.